కండ కబురు కొవ్వుకు చేరేలా వ్యాయామాన్ని అమర్చుకోవడం ఎలా

శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద, విజయనగరంలో పెద్దచెరువు గట్టు మీద తెల్లవారకముందే నడకకు వచ్చేవారిని గమనిస్తే, చాలామంది మనసు అడుగుల లెక్క మీదనో, ఇంటికి వెళ్ళాక ఎక్కబోయే తూకం మీదనో ఉంటుంది. నెల రోజులు క్రమం తప్పకుండా నడిచినా తూకం ముల్లు కదలకపోతే, ఇక దీనివల్ల ఒరిగేదేమీ లేదని మానేస్తారు. కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి దాగి ఉంటుందనీ, గంట నడకకు ఖర్చయ్యేది దాదాపు 250 మాత్రమేననీ ఎవరైనా చెబితే ఆ నిరుత్సాహం ఇంకా పెరుగుతుంది. ఆ లెక్క అబద్ధం కాదు గానీ, అది సగం లెక్క. పనిచేసే కండ తన ఇంధనాన్ని తాను కాల్చుకొని ఊరుకోదు. రక్తం ద్వారా కొవ్వుకు, కాలేయానికి, మెదడుకు కబుర్లు పంపుతుంది. కొవ్వు కూడా నోరు లేని మూట కాదు. అది జవాబిస్తుంది, ఒక్కొక్కప్పుడు తానే ముందుగా కబురు పెడుతుంది. ఈ రాకపోకలు తరచుగా, పెద్ద కండరాల నుంచి, మధ్యలో అడ్డంకులు లేకుండా సాగేలా రోజును దిద్దుకోవడమే వ్యాయామమని నేను నమ్ముతున్నాను. ఆ దిద్దుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

పద్ధతికి ముందు, లోపల జరిగేది కొంత తెలియాలి. కొవ్వు కణాన్ని నూనె బొట్టు దాచుకున్న సంచిగా ఊహించుకోవచ్చు. ఆ నూనె పేరు ట్రైగ్లిజరైడ్. అన్నం తిన్న తరువాత రక్తంలో పెరిగే ఇన్సులిన్, ఆ సంచి మూతిని బిగించి ఉంచుతుంది. మనం లేచి చురుగ్గా నడవడం మొదలుపెట్టగానే ఇన్సులిన్ తగ్గుతుంది. నరాల చివరల నుంచి నార్అడ్రినలిన్, మూత్రపిండాల మీద టోపీలా ఉండే గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలవుతాయి. ఇవి కొవ్వు కణం పొరను తాకినప్పుడు లోపలి ఎంజైములు మేల్కొని, ట్రైగ్లిజరైడును మూడు కొవ్వు ఆమ్లాలుగా, ఒక గ్లిజరాల్‌గా విడగొడతాయి. కొవ్వు ఆమ్లాలు ఆల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకొని రక్తంలో ప్రయాణించి కండకు చేరుతాయి. ఇరవై నిమిషాలు దాటితే గాని కొవ్వు కరగడం మొదలుకాదని చాలామంది అంటూంటారు. అది నిజం కాదు. కొవ్వు మొదటి నిమిషం నుంచే ఇంధనంలో భాగంగా ఉంటుంది. సమయం గడిచేకొద్దీ దాని వాటా పెరుగుతుంది, అంతే.

ఇంతవరకు హార్మోన్ల సంగతి. కండ స్వయంగా పంపే కబురు 2000వ సంవత్సరంలో స్పష్టంగా బయటపడింది. ఒక్క కాలితోనే వ్యాయామం చేయించి, ఆ కాలి కండరం నుంచే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తోందని కోపెన్‌హాగెన్ పరిశోధకులు చూపించారు. అలా కండ విడుదల చేసే ప్రోటీన్లకు బెంటె క్లార్లుండ్ పెడర్సన్, ఆమె సహచరులు మయోకైన్లని పేరు పెట్టారు. మారథాన్ వంటి సుదీర్ఘమైన పరుగులో ఇంటర్‌ల్యూకిన్-6 వంద రెట్ల దాకా పెరగవచ్చు. కండలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర ఇంధనం తరిగేకొద్దీ ఇది మరింతగా వెలువడుతుంది. అంటే ఇంట్లో బియ్యం నిండుకుంటున్నాయని ముందుగానే కబురు పెట్టడం వంటిదన్నమాట. ఆ కబురు అందుకున్న కొవ్వు తన నిల్వను వదులుతుంది. దీనికి 2019లో వెలువడిన ఒక డేనిష్ అధ్యయనం బలమైన సాక్ష్యం. పెద్ద పొట్ట ఉన్నవారి చేత పన్నెండు వారాలు సైకిల్ తొక్కించినప్పుడు, పేగుల చుట్టూ ఉండే కొవ్వు తగ్గింది. కానీ ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డుకునే మందు ఇచ్చినవారిలో, అదే సైకిల్ అన్ని వారాలూ తొక్కినా, ఆ కొవ్వు తగ్గలేదు. శ్రమ రెండు వర్గాలదీ ఒక్కటే. కబురు అందిన వర్గానికి మాత్రమే ఫలితం దక్కింది. దీన్ని మొదటిసారి చదివినప్పుడు వ్యాయామం గురించి నా ఆలోచనే మారిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇదే ఇంటర్‌ల్యూకిన్-6 వాపెక్కిన పొట్ట కొవ్వు నుంచి కూడా వస్తుంది, అప్పుడది మేలు చేయదు. కండ నుంచి వచ్చేది అలలా లేచి, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. దాని వెనుకనే వాపును అణచే పదార్థాలు వస్తాయి. కొవ్వు నుంచి వచ్చేది కొద్దికొద్దిగా, రాత్రింబవళ్ళు, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి వాపు కారకాలతో కలిసి వస్తూ, కండ ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది. పదార్థం ఒకటే, వచ్చే తీరును బట్టి దాని అర్థం మారుతుంది. కొవ్వు పంపే మంచి కబుర్లూ ఉన్నాయి. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ప్రయోగశాలలో కనుగొన్న లెప్టిన్, నిల్వ ఎంత ఉందో మెదడుకు చెబుతుంది. ఆ మరుసటి ఏడాది వెలుగులోకి వచ్చిన అడిపోనెక్టిన్, కండ కొవ్వును మరింత బాగా వాడుకునేలా చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. 2012లో హార్వర్డ్ పరిశోధకులు ప్రకటించిన ఐరిసిన్ అనే మయోకైన్ పేరు కూడా కొందరు వినే ఉంటారు. మనుషుల్లో దాని పాత్ర ఎంతన్నది శాస్త్రవేత్తల మధ్య వాదంగానే సాగింది కనుక, దాని పేరు చెప్పి అమ్మే డబ్బాల మీద డబ్బు పెట్టవద్దని నా సలహా.

టేపుతో మొదలుపెట్టండి

తూకం యంత్రాన్ని పక్కన పెట్టి, దర్జీలు వాడే గుడ్డ టేపు ఒకటి కొనుక్కోండి. పక్కటెముకల్లో అన్నింటికన్నా కింది దాని అంచును, తుంటి ఎముక పైభాగాన్ని వేళ్ళతో తడిమి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపును ఒంటి చుట్టూ తిప్పాలి. చీర కుచ్చిళ్ళ మీద గాని, లుంగీ ముడి మీద గాని కాకుండా నేరుగా ఒంటి మీద ఉండాలి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కొలత చూడాలి. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దుగా వైద్యులు లెక్కిస్తారు. మనవాళ్ళలో సన్నగా కనిపిస్తూనే పొట్ట లోపల కొవ్వు పేరుకున్నవారు ఎక్కువ. బరువు సరిగ్గా ఉన్నవారికి కూడా మధుమేహం రావడానికి ఇదొక కారణం. పైగా పేగుల చుట్టూ ఉండే కొవ్వు వదిలే ఆమ్లాలు నేరుగా కాలేయానికే చేరుతాయి. కండ పెరిగి, కొవ్వు తరిగినప్పుడు బరువు ఉన్నచోటనే ఉండవచ్చు, టేపు మాత్రం నిజం చెబుతుంది.

నడక: ఎంత వేగం, ఎంతసేపు

నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇంతకన్నా మంచి కొలత లేదు, దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఈ మధ్యస్థ వేగంలోనే కొవ్వు వాడకం గంటకు గరిష్ఠ స్థాయికి దగ్గరగా ఉంటుంది. రొప్పుతూ పరిగెత్తినప్పుడు కండ నుంచి లాక్టేట్ ఎక్కువగా వస్తుంది, ఆ లాక్టేట్ కొవ్వు కణం మీదున్న ఒక గ్రాహకాన్ని, అంటే కబురు అందుకునే ప్రోటీనును, తాకి, ఇక చాలు, నిల్వ వదలకు అని చెబుతుంది. కనుక ప్రతిరోజూ ఒళ్ళు హూనమయ్యేలా పరిగెత్తితేనే కొవ్వు తగ్గుతుందన్న నమ్మకం సరికాదు. వారానికి ఒకటి రెండుసార్లు, కాసేపు, వేగం పెంచడం గుండెకు మంచిదే. రామతీర్థం బోడికొండ మెట్లో, శాలిహుండం కొండ దారో ఎక్కితే ఆ పని దానంతట అదే జరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచిస్తోంది. దాన్ని ఆదివారం నాడు ఒక్కసారిగా తీర్చేయడం కన్నా, ఐదారు రోజులకు పంచుకోవడం మేలు. వ్యాయామం తరువాత కండ ఇన్సులిన్ మాటను బాగా వినే గుణం ఒకటి రెండు రోజులు నిలిచి, ఆపైన తరిగిపోతుంది. అందుచేత పెళ్ళిళ్ళ రోజుల్లోనైనా, సిరిమాను సంబరాల్లోనైనా వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ రానివ్వకండి.

బరువు మోయించే పని

నడక ఒక్కటే చాలదని మన ప్రాంతానికి వేరే ఎవరో చెప్పనక్కరలేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు సాధన చేసింది తాలింఖానా అనే వ్యాయామశాలలో, దండీలతో, బస్కీలతో. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు రకాల ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో నేటికీ ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు. అయినా మన ఇళ్ళలో నలభై దాటినవారికి, అందులోనూ ఆడవారికి, బరువులెత్తడం తమకు సంబంధించిన విషయంగా తోచకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

బరువు మోసిన కండ పంపే కబురు వేరే రకంగా ఉంటుంది. 2021లో కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల మీద చేసిన పనిలో, అధిక భారం మోసిన కండరం అతిచిన్న బుడగల్లో మైక్రోఆర్ఎన్ఏ-1 అనే అణువును నింపి రక్తంలోకి వదులుతుందనీ, ఆ బుడగలను కొవ్వు కణాలు తీసుకుంటాయనీ తేలింది. లోపలికి చేరిన ఆ అణువు, అడ్రినలిన్ మాటను వినే గ్రాహకాల తయారీని అడ్డుకునే ప్రోటీనును తగ్గిస్తుంది. దానితో గ్రాహకాలు పెరిగి, కొవ్వు ఆ మాటకు మరింత తొందరగా కరుగుతుంది. అంటే బరువులెత్తడం వల్ల కొవ్వుకు చెవులు పెరుగుతాయన్నమాట. నడకను, బరువును రెండింటినీ కలపాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేశాక, కుర్చీలో నుంచి లేవాలంటే చేతులు రెండూ ఆనించి ముందుకు ఊగి లేచేవారు. ఆయన చేత మేము మొదలుపెట్టించింది ఒకే ఒక్క పని. గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చొని, పాదాలు పూర్తిగా నేలకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకొని, ఊపిరి వదులుతూ లేచి నిలబడాలి. కూర్చునేటప్పుడు మాత్రం ధబాలున కూలబడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ దిగాలి. మొదటి వారం కిటికీ ఊచ పట్టుకోనిదే ఆయనకు వీలుకాలేదు. ఐదోసారికి తొడలు వణికేవి. ఆ వణుకు చూసి మా అమ్మ ఆపేయమనేది, ఆయన మాత్రం ఆపేవారు కాదు. కండ గట్టిగా పనిచేస్తోందనడానికి ఆ వణుకే గుర్తు. మోకాలి కీలులో నొప్పి గనుక పుడితే అది వేరు, అప్పుడు ఆపాలి. మూడో నెలకు చేతులు కట్టుకొని పన్నెండుసార్లు, కాస్త విరామం ఇచ్చి మళ్ళీ పన్నెండుసార్లు లేచేవారు. ఆ తరువాత ఐదు కిలోల బియ్యం సంచిని గుండెలకు హత్తుకొని చేశారు.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విడిచి, తొడలు, పిరుదులు, వీపు, ఛాతీ వంటి పెద్ద కండరాలకు పని చెప్పాలి. కుర్చీ నుంచి లేవడం తేలికైపోతే బస్కీలు తీయండి. గోడకు చేతులు ఆనించి తోయడంతో మొదలుపెట్టి, మంచం పట్టె మీదికి, ఆపైన నేల మీది దండీలకు దిగండి. నీళ్ళ బిందెనో, సంచినో వెన్ను నిటారుగా ఉంచి నేల మీద నుంచి ఎత్తి దించండి. పదో పన్నెండో సార్లకు ఇక ఒకటి రెండు మాత్రమే చేయగలననిపించేంత బరువు ఉండాలి. పొట్ట తగ్గాలని పొట్ట కండరాలకే పని చెప్పేవారికి ఒక్క మాట. కండ కబురు రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది, పక్కనున్న కొవ్వుకే ప్రత్యేకంగా చేరదు. తొడలు బలంగా పనిచేస్తే పొట్ట కొవ్వుకూ ఆ కబురు అందుతుంది.

"రోజూ పొలం పనే కదా బాబూ, మళ్ళీ ఈ కసరత్తేటి?" అని పల్లెల్లో పెద్దవాళ్ళు అడుగుతారు. ఊడుపుల్లోను, కోతల్లోను ఒంచిన నడుము ఎత్తకుండా పనిచేసేవారికి ఆ రోజుల్లో ఇంకేమీ అక్కర్లేదు. అయితే యంత్రాలు వచ్చాక ఆ రోజులు తగ్గాయి, పంట ఇంటికి చేరిన తరువాత నెలల తరబడి అరుగు మీద కూర్చోవడం పెరిగింది. ఆ ఖాళీ నెలలకే ఈ మాటలు.

తిండి, నీరు, నిద్ర

భోజనం చేసిన అరగంట లోపు పది, పదిహేను నిమిషాలు నింపాదిగా నడవడం నా దృష్టిలో అన్నింటికన్నా చౌకైన, అన్నింటికన్నా ఎక్కువ మంది చేయగలిగిన పని. కదిలే కండరం, ఇన్సులిన్ పిలుపు కోసం చూడకుండా, గ్లూకోజును లోపలికి తీసుకునే ద్వారాలను తానే పైకి తెచ్చుకుంటుంది. దానితో ఇన్సులిన్ అంతగా పెరగవలసిన అవసరం ఉండదు, కొవ్వు సంచి మూతి ఎక్కువసేపు బిగుసుకొని ఉండదు. రాత్రి భోజనం తరువాత ఈ నడక మరీ ముఖ్యం.

నడక ముగియగానే గట్టు దగ్గరి బండి మీద చక్కెర వేసిన టీతో పాటు గారెలో పునుగులో తినడం మనకు అలవాటు. అప్పుడే తెరుచుకున్న మూతి ఆ చక్కెరతో వెంటనే మూసుకుంటుంది. ఇంటికి వచ్చి, మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, దానితో ఉడికించిన గుడ్డో, పెసల గుగ్గిళ్ళో తీసుకుంటే కండకు కావలసినవి అందుతాయి. ప్రోటీన్ రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు 0.83 గ్రాములు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. అరవై కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పచ్చి ఉలవల్లో ఇరవై గ్రాములకు పైగా ఉంటుంది. అన్నం గుట్టగా, పప్పు చెంచాడుగా ఉండే కంచంలో ఆ లెక్క కుదరదు. చేపల కూర ఉన్న రోజున తేలిగ్గా కుదురుతుంది.

ఉద్దానం ప్రాంతం వారు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వారు, ఇక్కడ ఆగి శ్రద్ధగా చదవాలి. అక్కడ మూత్రపిండాల జబ్బు, బయటికి ఏ లక్షణమూ కనిపించకుండానే ముదిరే అవకాశం ఉంది. బరువులెత్తడం మొదలుపెట్టేముందు, ప్రోటీన్ పెంచేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. పరీక్షలో తేడా ఉంటే తిండి విషయం వైద్యుడే నిర్ణయించాలి, ప్రోటీన్ పొడులు ముట్టుకోవద్దు. ఒళ్ళు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకొని మింగడం ఎవరికీ మంచిది కాదు, అక్కడివారికి మరీ ప్రమాదం. మన తీరంలో ఉక్కపోత ఎక్కువ కనుక, మార్చి నుంచి జూన్ వరకు ఎండ ఎక్కకముందే నడక ముగించి, ముందూ వెనుకా నీళ్ళు తాగాలి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పరగడుపున ఎక్కువసేపు నడిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. జేబులో నాలుగు చెంచాల చక్కెర పొట్లం ఉంచుకొని, మోతాదు గురించి ముందుగానే వైద్యుణ్ణి అడగాలి. నడకలో ఛాతీ బరువెక్కినా, ఎడమ చేయి లాగినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి సాయం పిలవాలి.

నిద్రను చివర రాస్తున్నాను గాని అది చిన్న విషయం కాదు. 2010లో షికాగోలో, తిండి తగ్గించి తింటున్న పదిమందిని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటల పడకతోను, మరో రెండు వారాలు ఐదున్నర గంటల పడకతోను పరిశీలించారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ నిద్ర తగ్గినప్పుడు పోయిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయి, దాని స్థానంలో కండ వంటి కొవ్వు కాని భాగం ఎక్కువగా కరిగింది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి నడవాలనుకునేవారు రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోగలరో లేదో ముందు చూసుకోవాలి. లేకపోతే సాయంత్రం నడవడమే మంచిది.

టేపును రోజూ తీయకండి. రెండు వారాలకొకసారి, అదే రోజున, పరగడుపున, అదే చోట కొలిచి గోడ క్యాలెండరు మీద రాసి ఉంచండి. దాని పక్కనే, అర నిమిషంలో చేతులు కట్టుకొని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో కూడా రాయండి. సాధారణంగా రెండో అంకె ముందుగా పెరుగుతుంది, మొదటి అంకె ఆ తరువాత తగ్గుతుంది. పన్నెండు వారాల పాటు ఈ రెండు అంకెలూ గమనించకుండా పద్ధతి మార్చవద్దు.